నీళ్లు ఎప్పటి నుంచి పోతున్నాయమ్మా?

1999 వేసవి సెలవులు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కోనసీమలో గౌతమి ఒడ్డునున్న పెద్దమ్మ వాళ్ల ఊరెళ్లాను. పెద్దమ్మ కూతురు... మా అక్క... తొలి కాన్పుకని పుట్టింటికొచ్చి ఉంది. ఏడో నెల. చలిమిడి పెట్టి తీసుకొచ్చి వారం కూడా కాలేదు.

ఓ మధ్యాహ్నం పెరటి వసారాలో నడుం వాల్చిన అక్క నన్ను పిలిచింది. ‘‘లోపల పెట్టెలో పాత చీర ముక్క ఉంటుంది, పట్రావే’’ అంది. తెచ్చిచ్చాను. సాయంత్రం ఇంకోటి అడిగింది. రాత్రికి మరోటి. ‘‘ఎందుకక్కా?’’ అంటే ‘‘ఏం లేదే, ఊరికే తడవుతోంది. అమ్మకు చెప్పకు, కంగారు పడుతుంది’’ అంది. నొప్పుల్లేవు. నెత్తురు కనబడలేదు. ఒంటేలు ఆగడం లేదు కాబోలు అనుకుంది. వీధి అరుగు మీద పెదనాన్న, చావట్లో చుట్టాలు. ఇలాంటి సంగతి నోరు విప్పి చెప్పడానికి సిగ్గుపడింది. నేనూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు తెల్లారేసరికి అక్కకు ఒళ్లు కాలిపోతోంది. అప్పటికింకా ఎదుర్లంక వంతెన పూర్తి కాలేదు. పంటు మీద ఏరు దాటించి, కారు మాట్లాడుకుని పట్నంలో ఆస్పత్రికి చేర్చారు. డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకు చూసి, మొదట అడిగిన మాట ఒక్కటే.

‘‘నీళ్లు ఎప్పటి నుంచి పోతున్నాయమ్మా?’’

పెద్దమ్మ అక్క వంక చూసింది. అక్క నా వంక చూసింది.

ఆ రాత్రి ఆడపిల్ల పుట్టింది. తెల్లారేదాకా బతికింది.

డాక్టరమ్మ జ్వరం సంగతి అడక్కుండా, నొప్పుల సంగతి అడక్కుండా ముందు ఆ ప్రశ్నే ఎందుకడిగిందో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఈ వారం ఆ ప్రశ్న గురించే చెప్పుకుందాం. ఎందుకంటే దానికి జవాబు వెతుకుతూ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పనిచేస్తున్నారు. ఆ జవాబులో సగం మాత్రం ఇప్పటికీ మన ఇళ్లలోనే ఉంది.

సంచికి గండి

కడుపులో బిడ్డ ఉమ్మనీటి సంచిలో పెరుగుతుంది. ఎనిమిదో నెల దాటేసరికి అందులో దాదాపు ముప్పావు లీటరు నీరుంటుంది. అయిదో నెల నుంచీ ఆ నీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే! బిడ్డ దాన్నే మింగుతుంది, మళ్లీ పోస్తుంది. దాన్నే ఊపిరితిత్తుల్లోకి తీసుకుంటూ వదులుతూ శ్వాస సాధన చేస్తుంది. బొడ్డుతాడు నలిగిపోకుండా, దెబ్బ తగలకుండా కాపాడేదీ, బయటి సూక్ష్మజీవుల్ని దగ్గరకు రానీయకుండా చూసేదీ ఆ నీరు, దాని చుట్టూ ఉన్న సంచీ.

ఆ సంచి రెండు పొరలు. లోపలిది ఆమ్నియాన్, బయటిది కోరియాన్. లోపలి పొర కాగితం కన్నా పెద్ద మందమేమీ ఉండదు. అయినా తొమ్మిది నెలలూ అంత బరువునీ ఆపేది అదే. దాని బలమంతా కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగుల్లో ఉంది.

మామూలుగా నొప్పులు మొదలయ్యాక ఈ సంచి చిట్లుతుంది. కొందరిలో నొప్పుల కంటే ముందే చిట్లుతుంది. నెలలు నిండిన గర్భిణుల్లో నూటికి ఎనిమిది మందికి ఇలా జరుగుతుంది. వాళ్లలో చాలామందికి ఒకట్రెండు రోజుల్లో నొప్పులు వాటంతటవే వస్తాయి. కాకపోతే ఆస్పత్రిలో ఉండి తీరాలి. అసలు కష్టం 37 వారాలు నిండకుండానే చిట్లితే. నూటికి ఇద్దరు ముగ్గురికి ఇలా అవుతుంది. వినడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ నెలలు నిండకుండా పుట్టే బిడ్డల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు ఈ కారణంగానే ముందు పుడుతున్నారు. 2020లో ప్రపంచంలో సుమారు కోటీ 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ అంతమంది లేరు.

గట్టు ఎక్కడ కోసుకుపోతుంది?

ఏటిగట్టు పక్కన పెరిగిన వాళ్లకు గండి ఎలా పడుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. గట్టు ఒక్కసారిగా కూలదు. ముందు ఎక్కడో ఎండ్రకాయ బొరియ పడుతుంది. ఊట మొదలవుతుంది. ఊటతో పాటు మట్టి జారుతుంది. ఆ తర్వాతే గండి.

ఉమ్మనీటి సంచీ అంతే. కొల్లాజెన్ పోగుల్ని కొరికే ఎంజైములు మన ఒంట్లోనే ఉంటాయి. వాటిని మేట్రిక్స్ మెటాలోప్రొటీనేజ్‌లు అంటారు. వాటికి పగ్గం వేసే పదార్థాలూ ఉంటాయి. నెలలు నిండేదాకా ఆ పగ్గం గట్టిగా ఉంటుంది. కాన్పు దగ్గరపడేసరికి వదులవుతుంది. గర్భసంచి ముఖద్వారం పైనున్న చోట పొర పలచబడుతుంది. ప్రకృతి పెట్టిన ఏర్పాటది.

కొందరిలో ఆ పగ్గం ముందే తెగుతుంది. ప్రధాన కారణాల్లో ఒకటి ఇన్‌ఫెక్షన్. యోని మార్గంలోని సూక్ష్మజీవులు పైకి పాకితే ఒళ్లు వాటి మీద యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధంలో పుట్టే వాపు రసాయనాలు కొరికే ఎంజైముల్ని రెచ్చగొడతాయి. నెలలు ఎంత తక్కువగా ఉండగా సంచి చిట్లితే, దాని వెనక ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం అంత ఎక్కువ. నాలుగో నెల దాటాక నెత్తురు కనబడటం, కవల పిల్లలు, ఉమ్మనీరు మరీ ఎక్కువై సంచి సాగిపోవడం, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండటం, తల్లి మరీ బక్కచిక్కి ఉండటం, పొగ తాగడం... ఇవన్నీ గట్టును బలహీనపరిచేవే. ముందటి కాన్పులో ఇలా జరిగి ఉంటే ఈసారీ జరిగే ప్రమాదం ఎక్కువ. అయితే ఇవేవీ లేని వాళ్లకూ ఇది రావచ్చు. అందుకే ‘బరువెత్తింది, మెట్లెక్కింది, అందుకే ఇలా అయ్యింది’ అని ఆ తల్లిని ఆడిపోసుకోవడం అన్యాయం.

‘అవి ఉమ్మనీళ్లేనా?’

ఆస్పత్రికి వచ్చిన వెంటనే తేల్చాల్సిన మొదటి సంగతి ఇదే. తొమ్మిదో నెలలో దగ్గితే ఒంటేలు కారడం మామూలే. తెల్లబట్ట కావడమూ మామూలే. అవి ఉమ్మనీళ్లేనని తేలితే ఆస్పత్రిలో పెట్టాలి, మందులు మొదలుపెట్టాలి, ఒక్కోసారి కాన్పే చేయాలి. కాకపోతే ఇంటికి పంపాలి. పొరపాటు ఎటు జరిగినా నష్టమే.

ముందు శుభ్రమైన స్పెక్యులమ్ పెట్టి కళ్లతో చూస్తారు. లోపల నీరు చేరి కనబడితే చాలాసార్లు అనుమానం అక్కడే తీరిపోతుంది. వేళ్లతో పదేపదే పరీక్ష చేయరు. అలా చేస్తే సూక్ష్మజీవుల్ని మనమే పైకి పంపినట్టవుతుంది.

రెండోది రంగు కాగితం. యోనిలో సహజంగా ఆమ్లగుణం ఉంటుంది. ఉమ్మనీటిది కాస్త క్షారగుణం. నైట్రాజీన్ కాగితానికి అది తగిలితే పసుపు రంగు నీలంగా మారుతుంది. కాకపోతే నెత్తురు తగిలినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అదే నీలం రావచ్చు.

మూడోది చూడముచ్చటగా ఉంటుంది. ఓ చుక్క నీటిని గాజు పలక మీద ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడతారు. ఉమ్మనీరైతే అందులోని ఉప్పు, మాంసకృత్తులు కలిసి కొమ్మలు కొమ్మలుగా, రెమ్మలు రెమ్మలుగా ఆకు ముగ్గు వేసినట్టు గడ్డకడతాయి. దశాబ్దాల నాటి ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. చూసే కన్ను ఉంటే చాలు.

ఇక కొత్త తరం పరీక్షలు. వీటినే జీవ సూచికలు, బయోమార్కర్లు అంటున్నారు. సూత్రం తేలికే. ఉమ్మనీటిలో దండిగా ఉండి, యోని స్రావాల్లో దాదాపు లేని పదార్థం ఏదో పట్టుకోవాలి. అది బయట కనబడితే సంచికి చిల్లు పడినట్టే. అలాంటివి రెండు బాగా పనికొచ్చాయి. ఒకటి ప్లాసెంటల్ ఆల్ఫా మైక్రోగ్లోబ్యులిన్-1. ఉమ్మనీటిలో ఇది యోని స్రావాల్లో కంటే వేల రెట్లు ఎక్కువ. రెండోది ఐజీఎఫ్‌బీపీ-1 అనే మరో మాంసకృత్తి. దూదిపుల్లతో తీసిన స్రావాన్ని ద్రావణంలో కలిపి, పట్టీ ముంచితే పది నిమిషాల్లోగా గీతలు తేలతాయి. ఇంట్లో గర్భం తెలుసుకోవడానికి వాడే పట్టీ లాంటిదే ఇదీ.

అలాగని పట్టీయే డాక్టరు కాదు. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయమై డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది. ఒక్క పట్టీనే నమ్ముకుని నిర్ణయాలు తీసుకోవద్దంది. పట్టీ ‘లేదు’ అన్నా, తల్లి ‘పోతున్నాయి’ అంటుంటే స్కానింగ్ చేయాలి, మళ్లీ చూడాలి. తల్లి మాట, కంటి చూపు, పట్టీ... మూడూ కలిస్తేనే నిజం తేలేది.

రంగుతో కొలిచిన భీమవరం బిడ్డ

ఒంట్లోని ద్రవాల్లో కంటికి కనబడని పదార్థాన్ని రంగు మార్పుతో పట్టుకోవడం అనగానే మన గోదావరి బిడ్డ ఒకరు గుర్తుకు రావాలి. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫాస్ఫరస్ ఎంత ఉంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని కొలిస్తే లెక్క తేలుతుంది. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు. జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలకు ఈనాటికీ ఆ పేరు పరిచితమే.

గర్భిణులకు ఆయనతో ఇంకో చుట్టరికమూ ఉంది. నెల తప్పగానే ఏఎన్ఎం చేతిలో పెట్టే ఫోలిక్ యాసిడ్ మాత్రను 1940లలో కృత్రిమంగా తయారు చేసింది లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధక బృందమే. ఆ మాత్ర ఉమ్మనీటి సంచిని ఆపుతుందని కాదు. బిడ్డ వెన్నుపాము సరిగ్గా ఏర్పడటానికి, తల్లికి నెత్తురు పట్టడానికి అది కావాలి. సూచిక అనేది ప్రయోగశాలలో ముచ్చట తీర్చుకోవడానికి కాదు, చివరికి మనిషికి మందై అందాలన్న సంగతి ఆయన జీవితమే చెబుతుంది.

ముందే తెలుసుకోలేమా?

అందరూ అడిగేది ఇదే. చిట్లాక తెలియడం సరే, చిట్లబోతోందని ముందే తెలియదా?

గోదావరికి వరదొస్తే మనకు లెక్కలున్నాయి. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన కబురు ముందే తెలిసింది కాబట్టే లంకల్లో జనం సర్దుకునే వీలు దొరికింది. కాన్పుల శాస్త్రానికి మాత్రం అలాంటి భద్రాచలం కొలబద్ద ఇంకా దొరకలేదు.

దొరికినవి కొన్ని ఉన్నాయి. సంచిని గర్భసంచి గోడకు అతికించే జిగురు లాంటి పదార్థం ఫీటల్ ఫైబ్రోనెక్టిన్. ఆరో నెల నుంచి ఎనిమిదో నెల దాకా అది యోని స్రావాల్లో కనబడకూడదు. కనబడిందంటే అతుకు కదులుతున్నట్టు. 1991లో అమెరికా పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. ముందే నొప్పులొచ్చిన తల్లుల్లో ఈ పరీక్ష ‘లేదు’ అంటే ఓ వారం రోజులు దాదాపు ధీమాగా ఉండొచ్చు. ‘ఉంది’ అంటే మాత్రం అంత గట్టిగా చెప్పలేం. అలా వచ్చిన వాళ్లలో చాలామంది నెలలు నిండాకే కంటున్నారు. పైగా సంచి చిట్లాక ఈ పరీక్షతో పనిలేదు.

ఉమ్మనీటిలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు రసాయనం పెరిగితే లోపల నిప్పు రాజుకున్నట్టు. కొల్లాజెన్‌ను కొరికే ఎంజైముల్లో ఎనిమిదో రకం, తొమ్మిదో రకం కూడా అక్కడ పెరిగి కనిపిస్తాయి. కానీ ఆ నీటిని సూదితో తీయాలి. ఆరోగ్యంగా ఉన్న ప్రతి గర్భిణికీ ఆ పని చేయలేరు కదా. తల్లి నెత్తుటిలో చూసే సీఆర్‌పీ, తెల్లకణాల లెక్కలు తేలికే గానీ, అవి జలుబు జ్వరానికీ పెరుగుతాయి.

ఇప్పటికి కాస్త అక్కరకొస్తున్నది స్కానింగ్‌లో గర్భసంచి ముఖద్వారం పొడవు కొలవడం. అయిదు, ఆరు నెలల మధ్య అది 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే జాగ్రత్త పడాలి. అలాంటి వారికి ప్రొజెస్టెరాన్ మందుతో నెలలు నిండని కాన్పుల్ని కొంత తగ్గించవచ్చు. ముందటి కాన్పులో నీళ్లు ముందే పోయిన వాళ్లు ఈ కొలత గురించి డాక్టర్ని తప్పకుండా అడగాలి.

మన దేశంలోనూ వెతుకులాట సాగుతోంది. హరియాణాలోని గురుగ్రామ్ సివిల్ ఆస్పత్రిలో 2015లో ‘గర్భిణి’ పేరుతో ఓ పెద్ద అధ్యయనం మొదలైంది. వేల మంది తల్లుల్ని తొలి నెలల నుంచీ కాన్పు దాకా గమనిస్తూ, నెత్తురు, స్రావాలు, స్కానింగులు దాచి, నెలలు నిండని కాన్పుకు ముందస్తు గుర్తులేమిటో వెతుకుతున్నారు. తెల్లవాళ్ల ఒళ్లకు వేసిన లెక్కలు మన ఆడవాళ్లకు సరిపోతాయన్న భరోసా లేదు కాబట్టి ఇది మనకు కావలసిన పనే.

ఏడో నెల బిడ్డ, ఎనిమిదో నెల బిడ్డ

‘ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదు’... ఈ మాట వినని ఇల్లు మన వైపు ఉండదు. ఇది నిజం కాదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ, ప్రతి రోజూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కన్నా బతికే అవకాశం ఎక్కువ. ఈ అపోహతో ఎనిమిదో నెలలో నీళ్లు పోయిన తల్లిని ‘ఇక లాభం లేదులే’ అని తాత్సారం చేయడం కన్నా ఘోరం లేదు.

నెలలు నిండని బిడ్డకు మొదటి గండం ఊపిరితిత్తులు. వాటి గదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా సబ్బు నురగ లాంటి పదార్థం ఒకటి పూత పూస్తుంది. అది చివరి వారాల్లోనే చాలినంత తయారవుతుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తూ, స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెకు ముందే పుట్టిన పిల్ల అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు ఊపిరి తీసుకోవడం గమనించారు. హౌయీ అనే డాక్టరుతో కలిసి 1972లో తల్లుల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. తల్లికి వేసిన ఇంజక్షను బిడ్డ ఊపిరితిత్తుల్ని ముందే పక్వానికి తెస్తుందని తేలింది. 2020లో భారత్ సహా అయిదు దేశాల్లో 2,852 మంది తల్లులతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనమూ అదే చెప్పింది. డెక్సామెథసోన్ ఇచ్చిన తల్లుల బిడ్డల్లో నెలలోపు చనిపోయినవారు నూటికి 19.6, ఇవ్వని వారిలో 23.5. ఇంజక్షను ధర చాలా తక్కువ. పెద్దాస్పత్రికి పంపే ముందు ఏఎన్ఎం కూడా తొలి మోతాదు ఇవ్వవచ్చని 2014లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది.

రెండో రక్ష యాంటీబయాటిక్. 2001లో వెలువడిన ‘ఒరాకిల్’ అధ్యయనంలో 4,826 మంది తల్లులు పాల్గొన్నారు. నీళ్లు ముందే పోయినవారికి ఎరిత్రోమైసిన్ ఇస్తే బిడ్డకు మేలు జరిగింది. మరో మందు కో-అమాక్సిక్లావ్ ఇచ్చిన చోట బిడ్డల పేగులు దెబ్బతినే జబ్బు పెరిగింది. అంటే ఏ మందైనా ఫరవాలేదు అనుకోవడానికి లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లతో గడిపే వ్యవహారం కాదిది.

34 వారాల లోపైతే జ్వరం, దుర్వాసన, బిడ్డ గుండె వేగం కనిపెడుతూ, వీలైనన్ని రోజులు కాన్పును వాయిదా వేస్తారు. 37 నిండితే కాన్పుకే మొగ్గు చూపుతారు. నడుమనున్న వారాల్లో తల్లినీ బిడ్డనూ చూసి నిర్ణయిస్తారు. ఈ లెక్కలన్నీ ఒక్క గంట నుంచే మొదలవుతాయి. నీళ్లు పోవడం మొదలైన గంట. సంచి చిట్లి ఎంతసేపైతే ఇన్‌ఫెక్షన్ అంత దగ్గరకొస్తుంది. డాక్టరమ్మ ముందు ఆ ప్రశ్నే అడగడానికి కారణం అదీ.

ఇంట్లో వాళ్లు చేయాల్సింది

* ఆపుకుందామన్నా ఆగకుండా కారుతుంటే, కదిలినప్పుడల్లా తడుస్తుంటే, ఒంటేలు వాసన లేకపోతే ఉమ్మనీరని అనుమానించాలి. ఒక్కసారిగా బకెట్ బోర్లించినట్టే పోవాలని లేదు. చెమ్మలాగా కూడా పోవచ్చు.
* వెంటనే గడియారం చూడాలి. టైము కాగితం మీద రాయాలి.
* శుభ్రమైన పొడి గుడ్డ లేదా ప్యాడ్ పెట్టుకోవాలి. రంగు, వాసన గమనించాలి. ఆ గుడ్డ పారేయకుండా డాక్టరుకు చూపించాలి. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసి ఉండొచ్చు. ఎర్రగా ఉన్నా, దుర్వాసన వచ్చినా ఆలస్యం కూడదు.
* లోపల కడగడం, కాలువ స్నానాలు, భార్యాభర్తల కలయిక వద్దు. ‘ముట్టుకు చూస్తాను’ అని ఇంట్లో ఎవరూ వేళ్లు పెట్టకూడదు.
* బొడ్డుతాడు జారినట్టు అనిపిస్తే తల్లిని నిలబెట్టకూడదు, నడిపించకూడదు. నడుం ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.
* నొప్పులొచ్చేదాకా ఆగుదామనీ, తెల్లారాక చూద్దామనీ, ఇవాళ మంచిది కాదనీ అనుకోవద్దు. మాతాశిశు సంరక్షణ కార్డు చేతపట్టుకుని బయల్దేరడమే.
* ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు నెలలు నిండని బిడ్డను చూసే నవజాత శిశు విభాగం ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు, మందులు, ఆపరేషను, ప్రయాణం ఉచితంగా అందించే జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ నుంచి అమల్లో ఉంది.

మా అక్క మళ్లీ నెల తప్పింది 2003లో. ఈసారి 33వ వారంలో, రాత్రి భోజనాల వేళ. విస్తరి ముందు నుంచి లేచి, చావట్లో అందరూ ఉండగానే ‘‘అమ్మా, నీళ్లు పోతున్నాయి. ఎనిమిదీ ఇరవై’’ అంది. పెదనాన్న చెయ్యి కడుక్కోకుండానే కారు కోసం పరుగెత్తాడు. అప్పటికి ఎదుర్లంక వంతెన వచ్చేసింది. పది కాకుండానే ఆస్పత్రిలో ఉన్నారు. అక్కడ మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ఇంటిల్లిపాదీ ఒకేసారి జవాబు చెప్పారు. ఇంజక్షన్లు పడ్డాయి. ఆరో రోజున బిడ్డ పుట్టింది. మూడు వారాలు గాజు పెట్టెలో ఉంది. ఆ పిల్ల డిగ్రీ కూడా పూర్తి చేసింది.

తొలి బిడ్డ సంగతి మేమిద్దరం ఒకే ఒక్కసారి మాట్లాడుకున్నాం. ‘‘నేను అమ్మకు చెప్పి ఉంటే?’’ అన్నాను. ‘‘నీకేం తెలుసే, చిన్నపిల్లవి. చెప్పాల్సింది నేను. నేను చెప్పుకునేలా ఆ ఇల్లుండాలి’’ అంది అక్క.

ప్రయోగశాలల్లో రేపో మాపో మంచి సూచిక దొరుకుతుంది. దొరకాలి. అది వచ్చేదాకా, వచ్చాక కూడా, మొదటి కబురు తల్లి నోటి నుంచే రావాలి. మీ ఇంట్లో నెలలు మోస్తున్న ఆడపిల్ల ఉంటే ‘తిన్నావా, పడుకున్నావా’తో పాటు ‘తడిగా ఏమన్నా ఉంటే సిగ్గుపడకుండా చెప్పమ్మా’ అని కూడా ఓ మాట అనండి. చిన్నపిల్లలెవరైనా ఆమె కోసం గుట్టుగా పాత గుడ్డలు మోస్తూ కనబడితే, ఎందుకని అడగండి.